ఆటిజం ఉన్న బిడ్డకు బడిలో చోటు – మన బాధ్యత

ఒక రోజు ఇషా నమాజు తర్వాత ఒక సోదరుడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "మౌలానా సాబ్, మా వాడికి ఆరేళ్ళు. ఒకటో తరగతిలో వేశాం. డాక్టరు ఆటిజం అన్నారు. స్కూలు వాళ్ళేమో, వీడి వల్ల మిగతా పిల్లల చదువు పాడవుతోంది, ఇంట్లోనే ఉంచుకోండి అంటున్నారు. మా అమ్మీ, గాలి సోకింది, తావీజు కట్టించమంటోంది. ఏం చేయమంటారు?" అని అడిగాడు. అడుగుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఇలాంటి బాధ మోస్తున్న కుటుంబాలు మన మహల్లాల్లో ఇంకా ఉన్నాయి. కనుక ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకుందాం.

ఆటిజం అంటే ఏమిటి?

ఆటిజం అంటువ్యాధి కాదు, దయ్యం పట్టడమూ కాదు. తల్లి పెంపకంలో లోపం వల్లనో, టీకాల వల్లనో వచ్చేదీ కాదు. అది మెదడు ఎదుగుదలలో ఉండే ఒక తేడా. ఇలాంటి పిల్లల్లో కొందరు మాట్లాడరు. కొందరు విన్న మాటనే మళ్ళీ మళ్ళీ అంటారు. చాలామంది ఎదుటివారి కళ్ళలోకి చూడలేరు. రోజువారీ క్రమం మారితే తల్లడిల్లిపోతారు. మనకు మామూలుగా అనిపించే బడి గంట వారి చెవులకు భరించరానిదిగా ఉండవచ్చు.

బిడ్డ కోసం దుఆ తప్పకుండా చేయాలి. అయితే దైవప్రవక్త (స) వైద్యం చేయించుకోమని కూడా బోధించారు. నేర్పించే ప్రయత్నం మానేసి తావీజుల చుట్టూ తిరిగితే బిడ్డ నేర్చుకునే వయసు చేజారిపోతుంది.

జమాఅత్ సర్దుకుంది

దైవప్రవక్త (స) నమాజు దీర్ఘంగా చేయించాలనే ఉద్దేశంతో నిలబడేవారు. వెనుక నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత కలత చెందుతుందో గ్రహించి నమాజును క్లుప్తం చేసేవారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ విషయం ఉంది.

ఆలోచించండి! బిడ్డను బయటికి తీసుకుపొమ్మనలేదు. ఆ తల్లిని రేపటి నుంచి మస్జిదుకు రావద్దనలేదు. ఒక్క బిడ్డ కోసం జమాఅత్ మొత్తం సర్దుకుంది. అయినా నమాజులో ఏ ఫర్జూ తగ్గలేదు. తరగతి గదికీ ఇదే ఆదర్శం. పాఠం తగ్గనక్కరలేదు, చెప్పే తీరు మారాలి.

80వ సూరా 'అబస' నేపథ్యం కూడా గుర్తు చేసుకోండి. దైవప్రవక్త (స) ఖురైషు నాయకులతో మాట్లాడుతుండగా అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలనే తపనతో వచ్చారు. అది సంభాషణకు అంతరాయంగా తోచింది. కాని నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి పక్కన పెట్టకూడదని అల్లాహ్ తెలియజేశాడు. తర్వాత ఆయనే మదీనాలో ముఅజ్జిన్‌గా సేవ చేశారు.

నేను ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకున్నాను. మక్తబ్‌లో పిల్లలంతా గొంతెత్తి సబఖ్ చదువుతుంటే ఒక బాబు చెవులు మూసుకునేవాడు. అగౌరవం అనుకుని వాణ్ణి నిలబెట్టాను. వాడు మళ్ళీ రాలేదు. వాడు భరించలేకపోయింది ఆ శబ్దాన్నే గాని సబఖ్‌ను కాదని తర్వాత అర్థమైంది. అల్లాహ్ నన్ను క్షమించుగాక!

తరగతి గదిలో ఏం చేయాలి?

1. రోజు క్రమాన్ని బొమ్మలతో చూపాలి. ప్రార్థన, తెలుగు, లెక్కలు, భోజనం, ఆట – ఇలా వరుసగా బొమ్మలు బెంచీ మీద అతికించాలి. మార్పు ఉంటే ముందే చెప్పాలి.

2. ముందు పేరు పెట్టి పిలిచి, ఒకసారి ఒక్క పనే చెప్పాలి. జవాబు కోసం ఆగాలి. కళ్ళలోకి చూడమని బలవంతం చేయకూడదు.

3. తలుపుకు, గంటకు దూరంగా, టీచరుకు దగ్గరగా కూర్చోబెట్టాలి.

4. తల్లడిల్లినప్పుడు గద్దించకూడదు. అది మొండితనం కాదు. మాటలు, శబ్దం తగ్గించి, ప్రశాంతమైన మూలలో కాసేపు ఉండనివ్వాలి. ఆ మూల శిక్ష కాకూడదు.

5. వాడికి రైళ్ళు ఇష్టమైతే రైలు పెట్టెలతోనే లెక్కలు నేర్పాలి.

6. ఓపిక గల ఒక పిల్లవాణ్ణి జతగా కూర్చోబెట్టాలి. ఎగతాళిని మొదటి రోజే ఆపాలి.

ఇంటివారు ఏం చేయాలి?

బిడ్డకు ఏది ఇష్టం, దేనికి భయపడతాడు, మంచినీళ్ళు ఎలా అడుగుతాడు, ఎలా ఊరడిల్లుతాడు – ఇవన్నీ ఒక కాగితం మీద రాసి టీచరుకు ఇవ్వాలి. రమజాన్‌లో ఇంట్లో నిద్ర, భోజనం వేళలు మారతాయి. ఆ సంగతి బిడ్డకు బొమ్మలతో ముందే చెప్పాలి, టీచరుకూ తెలపాలి.

హక్కు కూడా ఉంది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ప్రభుత్వ సహాయం లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని 16వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్లు ధ్రువపత్రం ఉంటే, 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య పొందే హక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

ఆ సోదరుడు మరుసటి వారం అలాంటి కాగితం రాసుకుని స్కూలుకు వెళ్ళాడు. గొడవ పడలేదు. హక్కు గురించి మర్యాదగా చెప్పి, కాగితం టీచరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె చదివి, "వీడు చెవులు ఎందుకు మూసుకుంటాడో నాకిప్పుడు తెలిసింది. రేపు పంపండి" అన్నదట.

సోదర సోదరీమణులారా! మన బిడ్డలు మన చేతుల్లోని అమానత్. మన మక్తబ్‌లలోనూ, మస్జిదు సఫ్‌లలోనూ ఈ బిడ్డలకు చోటు ఇస్తున్నామా? స్కూలును అడిగే ముందు ఈ ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి. ఈ బిడ్డల పట్ల సహనాన్నీ, వారి తల్లిదండ్రులకు ఊరటనూ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.