రంగూను నగరములో మూడు దినములు

గోదావరి తీరమున పుట్టిన మన తాతముత్తాతల నోట రంగూను అన్నది పరదేశపు పేరువలె కాక, పొరుగూరి పేరువలె వినిపించేది. ఆ నగరము నేడు యాంగోన్. ఆ దేశము నేడు మయన్మారు. 2005లో రాజధాని నేపిడాకు తరలినను, ఆ దేశములో పెద్ద నగరము ఇప్పటికీ ఇదియే. పటమును ముందుంచుకొని ఆ నగరమును మూడు దినములలో చూచి వద్దాము. విహారము మన ఉద్దేశము కాదు. మన జిల్లాల చరిత్రలో కొంత భాగము ఆ వీథులలో ఉండిపోయినది. దానిని తెలిసికొనుటయే ఉద్దేశము.

మొదటి దినము: రేవు

మొదట నదీతీరమునకు పోదాము. కొవ్వూరు గట్టున నిలిచి ఎదుటి రాజమహేంద్రవరమును చూచిన విద్యార్థికి ఈ దృశ్యము కొత్త కాదు. యాంగోన్ నదికి ఒక యొడ్డున మహానగరము, ఎదుటి యొడ్డున దలా అనే చిన్న ఊరు, నడుమ జనమును దాటించే పడవలు.

రెండు డెల్టాలకును 1852 మరువరాని సంవత్సరము. ధవళేశ్వరము ఆనకట్ట ఆ యేటికి పూర్తి అయినది. ఆ యేడే ఆంగ్లేయులు రంగూనును, దిగువ బర్మాను వశపరచుకొన్నారు. పిమ్మట ఐరావతీ డెల్టాలో అడవులు కొట్టి వరిపొలములు చేశారు. 1869లో సూయజు కాలువ తెరువబడగా ఆ బియ్యమునకు ఐరోపా విపణి దగ్గరయినది. మరలలో పనికి, ఓడలలో బస్తాలు ఎత్తుటకు మనుష్యులు కావలసి వచ్చారు. మన మండలములకు కాలువ నీరు వచ్చినను, భూమి లేనివానికి పంట రాలేదు. అట్టివారు ఓడ ఎక్కారు.

కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము రేవుల నుండి ప్రయాణము. ఓడ ఖర్చు మేస్త్రీ ముందుగా పెట్టి, తరువాత కూలిలో విరుచుకొనేవాడు. అప్పుతో ఆరంభమైన ప్రయాణము అప్పు తీరువరకు ఆ మేస్త్రీ చేతిలోనే ఉండేది. బర్మావారు ఈ తెలుగువారిని కొరంగీలు అని పిలిచారు. గోదావరి ముఖద్వారము వద్ద ఉన్న కోరంగి రేవును 1839 నాటి తుపాను ధ్వంసము చేసినది. రేవు ప్రాభవము పోయినను, దాని పేరు సముద్రము దాటి మనుష్యులకు అంటుకొనినది.

రెండవ దినము: వీథులు

నగర మధ్యభాగమును మాంట్‌గోమరీ, ఫ్రేజరు అనువారి యోజన ప్రకారము, సూలే పగోడా కేంద్రముగా, చదరంగపు గళ్లవలె తీర్చారు. ఆ పగోడా ఎదుటనే మసీదు, సమీపములోనే క్రైస్తవ దేవాలయము ఉన్నవి. ఇరువదియారవ వీథిలో యూదుల ప్రార్థనామందిరము. పూర్వము మొగలు వీథి అనబడిన దారిలో సూరతు వర్తకుల మసీదు. ఉత్తరమున సుమారు 99 మీటర్ల ఎత్తున ష్వేడగాన్ స్వర్ణస్తూపము. 1931 జనాభా లెక్కలనాటికి నగరములో సుమారు 4 లక్షల మంది ఉండగా, అందులో సగమునకు పైగా భారతీయులు.

ఈ శోభను మాత్రమే చూచి మరలినచో పాఠము సగమే అవుతుంది. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె చేశారు. యజమానులు వారి స్థానములో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె ముగియగానే ఆ బర్మావారిని తొలగించారు. కడుపు మండిన ఇరు పక్షములు వీథులలో తలపడినవి. అనేకులు ప్రాణములు కోల్పోయారు. కూలి నిర్ణయించిన చేతులకు మాత్రము దెబ్బ తగులలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానములు నగరముపై బాంబులు వేశాయి. 1942లో లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరారు, అందరును చేరలేదు. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చినది. 1964లో వర్తకము జాతీయము కాగా, మరల వలస. విశాఖపట్నములోని బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ తిరుగు ప్రయాణమునకు సాక్షి.

మూడవ దినము: సమాధి

చివరి దినమున ఒకే చోటికి పోదాము. 1857 తిరుగుబాటు పిమ్మట కడపటి మొగలు చక్రవర్తి, ఉర్దూ కవి బహదూర్ షా జఫర్‌ను ఆంగ్లేయులు విచారించి, 1858లో ఢిల్లీనుండి పంపివేసి రంగూనులో ఉంచారు. 1862 నవంబరు 7న ఆయన అక్కడే మరణించారు. జనులు గుర్తించకూడదని సమాధిపై ఏ చిహ్నమును నిలుపలేదు. 1991లో కాలువకై త్రవ్వుచుండగా ఆ సమాధి బయటపడినది. నేడు అక్కడ దర్గా ఉన్నది. 1885లో అదే ప్రభుత్వము బర్మా రాజు తీబాను మన దేశపు రత్నగిరికి పంపినది. ఆయన 1916లో అక్కడే కన్నుమూశారు. ఒకరి దేశము మరియొకరికి చెరసాల అయినది.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కన వినిపిస్తాయి. రంగూను మట్టిలో కూడ ఆ రెండు భాషలవారును ఉన్నారు. చక్రవర్తి సమాధి 129 సంవత్సరములకైనను దొరికినది. బస్తాలు మోసిన మనవారి సమాధులను వెదకువారు లేరు. వారి గుర్తులు ఇంకను మిగిలియున్న చోటు మన యిండ్లే: పాత పెట్టెలోని ఉత్తరము, ఓడ చీటీ, ముసలమ్మ చెప్పే మాట. సెలవులకు ఊరికి పోయిన ప్రతి విద్యార్థి ఇంటి పెద్దలను అడిగి, విన్నది వ్రాసి తీసికొని రావలెను. అట్టి వ్రాతలకు గ్రంథాలయములో ఒక బీరువా కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. చెప్పగల పెద్దలు తగ్గిపోవుచున్నారు, ఆలస్యము తగదు.