పాత మోటారు సైకిలుకు ముందు బ్రేకు

2002లో ఎదుర్లంక వారధి తెరవక ముందు యానాం నుండి గౌతమి దాటాలంటే బండిని పంటు ఎక్కించవలసి వచ్చేది. ఇప్పుడు ఆగకుండా వెళ్ళిపోతున్నాము. కాని పాత సిడి 100, ఆర్.ఎక్స్. 100 వంటి బళ్ళకు ముందు చక్రంలో ఉన్నది ఆనాటి డ్రమ్ము బ్రేకే.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని భయపడి చాలామంది వెనుకదే తొక్కుతారు. నిజానికి బండి ఆగేటప్పుడు బరువు ముందుకు తూగి, వెనుక చక్రం తేలికై జారుతుంది. అందుచేత ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. 2019 ఏప్రిల్ నుండి 125 సిసి వరకు గల కొత్త బళ్ళకు కనీసం రెండు బ్రేకులూ కలిసి పట్టే ఏర్పాటైనా ఉండాలి. పాత బండికి ఆ పని మన చేయి, కాలు కలిసి చేయాలి. వేగం 30 నుండి 60 కిలోమీటర్లకు పెరిగితే గతిజ శక్తి నాలుగు రెట్లవుతుంది. 60లో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది!

డ్రమ్ములో కేబుల్ లాగగానే క్యామ్ తిరిగి, రెండు షూలను డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుతుంది. వాననీరు లోపలికి చేరితే పట్టు తగ్గుతుంది. డిస్కు బ్రేకు పాస్కల్ నియమం మీద పనిచేస్తుంది. లివర్ దగ్గరి పిస్టను వైశాల్యం 1 చ.సెం.మీ., చక్రం దగ్గరిది 6 చ.సెం.మీ. అనుకుంటే బలం 6 రెట్లు అవుతుంది. డిస్కు బయటే ఉంటుంది కనుక వేడి, నీరు త్వరగా పోతాయి.

అయితే డిస్కు ఒక్కటి కొని తగిలిస్తే చాలదు. హబ్బు, క్యాలిపర్ బిగించే చోటున్న ఫోర్కు, మాస్టర్ సిలిండర్, గొట్టం అన్నీ జతగా కావాలి. పాత ఫోర్కుకు క్లాంపు వెల్డింగు చేయించడం ప్రాణాలతో చెలగాటం. అది ఊడితే చక్రం బిగుసుకుపోతుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మార్పులకు హద్దులు పెట్టింది. ముందుగా రవాణా కార్యాలయంలో అడగాలి.

నన్నడిగితే మొదట డ్రమ్మునే బాగు చేయించాలి. కొత్త షూలు, కొత్త కేబుల్ వేయించి, బ్రేకు పట్టినప్పుడు కేబుల్‌కు, దాన్ని లాగే ఆర్ముకు మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండేట్లు సరిచేస్తే బల భ్రామకం ఎక్కువగా దొరుకుతుంది. ఖర్చూ తక్కువే.

సెలవుల్లో షెడ్డులో పని నేర్చుకునే మన పిల్లలు ఒక్కటి గుర్తుంచుకోవాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడవాలి.

డిస్కు పెట్టించినవారు బ్రేకు ఆయిలును రెండేళ్ళకోసారి మార్పించాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన సముద్రతీరంలో తేమకు కొదవేముంది! బదులుగా ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. కొత్త షూలైనా, ప్యాడ్లైనా మొదటిరోజే పూర్తిగా పట్టవు. కొన్నాళ్ళు నెమ్మదిగా నడుపుతూ, ఖాళీ రోడ్డుపై మెల్లగా నొక్కి చూసుకోవాలి.