కారు ఎయిర్ ఫిల్టర్‌ను ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని సంపాదకవర్గం వాళ్ళు అడిగారు. "ఎమ్మెస్సీ ఫిజిక్స్ కదా, ఐన్‌స్టీన్ మీద రాయి" అని సలహా కూడా ఇచ్చారు. ఐన్‌స్టీన్ మీద రాసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మన హాస్టల్లో చదివి వెళ్ళిన అన్నల్లో సొంత కారు కొన్నవాళ్ళు ఉన్నారు, కారు నడిపి ఇల్లు నెట్టుకొస్తున్నవాళ్ళూ ఉన్నారు. మా నాన్న కూడా టాక్సీ డ్రైవరే. అందుకే వాళ్ళకు పనికొచ్చే చిన్న విషయాన్ని తీసుకున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచకుండా రాస్తున్నాను.

బండి పెట్రోలుతో నడుస్తుందని అనుకుంటాం. తూకం వేసి చూస్తే ఇంజిన్ తాగేది ఎక్కువగా గాలినే. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు దాదాపు 740 గ్రాములు. గుణించి చూడండి, దగ్గర దగ్గర 11 కిలోల గాలి. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడి గాలి కొంచెం పలుచన, ఘనమీటరుకు సుమారు 1.1 కిలోలు తూగుతుంది. అంటే ఒక్క లీటరు పెట్రోలు కాలడానికి 10 ఘనమీటర్ల గాలి, అనగా పదివేల లీటర్లు! డాబాల మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులు పదింటిని ఖాళీగా ఉంచితే వాటిలో పట్టేంత గాలి అన్నమాట. డీజిల్ ఇంజిన్ అయితే లీటరుకు ఇంకా ఎక్కువ పీలుస్తుంది.

ఈ గాలంతా ఒక చిన్న డబ్బా గుండా పోవాలి. బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ డబ్బా కనబడుతుంది. దాని క్లిప్పులు విప్పితే లోపల మడతలు మడతలుగా కాగితం, చుట్టూ రబ్బరు అంచు. అదే ఎయిర్ ఫిల్టర్. (ఏసీ గాలికి ఇంకో ఫిల్టర్ ఉంటుంది, అది సాధారణంగా డాష్‌బోర్డు వెనకాల ఉంటుంది. బిల్లులో "ఫిల్టర్" అని మాత్రమే రాస్తే ఏ ఫిల్టరో అడగండి.)

చాలామంది ఇది జల్లెడలాంటిదని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. జల్లెడలో రంధ్రం కంటే పెద్దది ఆగుతుంది, చిన్నది జారిపోతుంది. ఫిల్టర్ కాగితం అలా పనిచేయదు. అది దట్టమైన కంపచెట్టు లాంటిది. పీచులు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. గాలి వాటి మధ్య వంకరలు తిరుగుతూ పోతుంది. బరువైన దుమ్ముకణం అంత వేగంగా మలుపు తిరగలేక, జడత్వం వల్ల నేరుగా వెళ్ళి పీచుకు గుద్దుకుంటుంది. మరీ సన్నని కణాలు బ్రౌనియన్ చలనం వల్ల అటూ ఇటూ ఊగుతూ ఎక్కడో ఒకచోట అంటుకుంటాయి. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన బ్రౌనియన్ చలనం బానెట్ కింద రోజూ పనిచేస్తోందని తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది.

ఇందులోంచి ఇంకో సంగతి బయటపడుతుంది. పట్టుకున్న దుమ్ము కూడా కొత్త దుమ్మును పట్టుకుంటుంది. కాబట్టి కొద్దిగా మురికిపట్టిన ఫిల్టర్ కొత్తదానికంటే బాగా వడకడుతుంది. పైన బూడిదరంగు కనబడగానే కంగారుపడి మార్చేస్తే మంచి ఫిల్టర్‌ను పారేసినట్టే. అలాగని అది నిండిపోయేదాకా వదిలేస్తే గాలి ఆడదు, ఇంజిన్ గట్టిగా లాగుతుంది. అంచు సరిగా కూర్చోకపోయినా, కాగితం చిరిగినా ఆ లాగుడుకి దుమ్ము పక్కసందుల్లోంచి లోపలికి పోతుంది.

మరి ఎన్ని కిలోమీటర్లకు? మన దగ్గర అమ్ముడయ్యే చాలా కార్ల పుస్తకాల్లో మార్చే గడువు 30 వేల నుంచి 40 వేల కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో పదివేలకోసారి తీసి చూడమంటారు. ఇది మరీ ఎక్కువ గడువు కాదా అని అనుమానం రావచ్చు. ఒక లెక్క వేద్దాం.

గాలిలో పది మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలను పీఎం 10 అంటారు. 2009లో ప్రకటించిన మన జాతీయ ప్రమాణం ప్రకారం, 24 గంటల సగటు ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. అంతే ఉందనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు పదివేల కిలోమీటర్లు తిరిగితే సుమారు 670 లీటర్లు తాగుతుంది, 6,700 ఘనమీటర్ల గాలి పీలుస్తుంది. అందులోని పీఎం 10 మొత్తం కలిపితే గ్రాములో మూడింట రెండు వంతులు! రెండు చిటికెల ఉప్పంత. ఇంకా పెద్ద కణాలు ఈ లెక్కలో లేవు, అవీ కలిస్తే పెరుగుతుంది. అయినా దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠికి తారురోడ్డు మీద తిరిగే కారుకు పుస్తకంలోని గడువు తక్కువేమీ కాదు. ప్రతి సర్వీసుకూ మార్చాల్సిందేనని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ముందు తీసి చూపించమనండి.

ఇప్పుడు అదే కారు కంకర రోడ్డు మీద లారీ వెనకాల పోతోందనుకోండి. ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించే ఐఎస్ఓ 5011 పద్ధతిలో ఘనమీటరు గాలికి ఒక గ్రాము దుమ్ము కలుపుతారు. ముందు ఏముందో కనబడనంత దుమ్ము అది. దానిలో నూరో వంతే ఉందనుకున్నా, అంటే 10 మిల్లీగ్రాములు, మనం ఇందాక తీసుకున్న లెక్కకు నూరు రెట్లు. పదివేల కిలోమీటర్లలో పట్టాల్సిన దుమ్ము నూరు కిలోమీటర్లకే పడుతుంది. ఒక్కరోజు పని! మీటరు మాత్రం నూరు కిలోమీటర్లే చూపిస్తుంది.

ఫిల్టర్ లెక్కపెట్టేది దుమ్మును, మీటరు లెక్కపెట్టేది దూరాన్ని. మన రోడ్డునే చూడండి. మలక్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో పిల్లర్ల కోసం తవ్విన ఏళ్ళలో ఇక్కడ దుమ్ము ఎలా ఉండేదో సీనియర్ అన్నలు ఇప్పటికీ చెబుతారు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట–ఎల్.బి.నగర్ మెట్రో మొదలైంది, తవ్వకాలు పోయాయి. అదే కారు, అదే రోడ్డు, అదే ఫిల్టర్. మార్చే గడువు మాత్రం తవ్వకాలప్పుడు ఒకటి, తర్వాత ఇంకొకటి.

ఇక నా తప్పు సంగతి. మాది నల్లగొండ జిల్లా. 2021లో నాన్న ఫైనాన్స్ మీద సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొన్నాడు. దానితోపాటు ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కడినే. అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. ఏది ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పట్టిక చూసి, తెలుగులో నోటుబుక్కు కాగితం మీద రాసి, డాష్‌బోర్డు లోపల అతికించాను. "ఎయిర్ ఫిల్టర్ – 40,000" అని రాశాను. నాన్న ఆ కాగితాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

పట్టికలో ఆ అంకె పక్కన ఒక నక్షత్రం గుర్తు ఉంది. కింద సన్నని అక్షరాల్లో, దుమ్ము రోడ్ల మీద నడిపేవాళ్ళు ఇంకో పట్టిక చూడాలని ఉంది. ఆ పట్టిక తర్వాతి పేజీలో ఉంది. నేను పేజీ తిప్పలేదు.

2023 ఎండాకాలంలో నాన్నకు రోడ్డు వెడల్పు చేసే పని దగ్గర ఇంజినీర్లను తిప్పే పని దొరికింది. పొద్దంతా మట్టిలోనే. నెల తర్వాత ఫోన్ చేసి, "బిడ్డా, ఫిల్టర్ మస్తు దుమ్ము పట్టింది. మార్పియ్యాల్నా?" అని అడిగాడు. నాకు పరీక్షలు. "ఇంకా ఇరవై వేలు గూడ తిరగలే నాయినా, నలభై వేలకు మారిస్తే చాలు" అని పెట్టేశాను. నాన్న నా మాట మీదే ఉన్నాడు. మూడు నాలుగు రోజులకోసారి పంచర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టించి మళ్ళీ పెట్టేవాడు.

గాలి కొట్టడమే ఎక్కువ చెడ్డపని అని నాకు తర్వాత తెలిసింది. ఆ ఒత్తిడికి కాగితం పీచులు విడిపోతాయి, కంటికి కనబడని చిల్లులు పడతాయి. మురికివైపు నుంచి కొడితే దుమ్ము శుభ్రమైన వైపుకు దూరుతుంది. పదేపదే తీసి పెట్టడం వల్ల రబ్బరు అంచు కూడా సరిగా కూర్చోదు. మా ఫిల్టర్‌కు ఒక మూల అంచు నలిగిపోయి ఉంది.

దసరా నాటికి బండి పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయించింది. పికప్ లేదు. ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలైంది, వెనక నీలంరంగు పొగ. మెకానిక్ ఫిల్టర్ డబ్బా తర్వాత వచ్చే పైపు ఊడదీసి లోపల వేలితో తుడిచి చూపించాడు. వేలికి ఎర్రటి సన్నని పొడి అంటింది. "ఇంజిన్ బోర్‌కొచ్చింది" అన్నాడు.

ఎందుకొస్తుందో చెబుతాను. మన ప్రాంతం గ్రానైటు నేల. గ్రానైటు అరిగి పొడి అయితే అందులో పలుగురాయి ఉంటుంది. మోస్ కాఠిన్య కొలమానంలో పలుగురాయి 7. మామూలు చాకు ఉక్కు ఐదున్నర దగ్గర ఉంటుంది. అంటే పలుగురాయి పొడి ఉక్కును గీస్తుంది. పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య నూనెపొర కొన్ని మైక్రాన్ల మందమే. అంతే పరిమాణంలో ఉన్న కణం ఆ సందులో పడితే గరుకు కాగితంతో రుద్దినట్టే. రింగులు అరిగితే ఒత్తిడి నిలవదు, నూనె పైకి ఎక్కి కాలిపోతుంది. నీలం పొగ అదే.

బిల్లు 52 వేలయింది. అమ్మ చిట్టీ ఎత్తింది. నేను ఆ సమయానికి ఊళ్ళోనే ఉన్నాను, షెడ్డులో నాన్న పక్కనే నిలబడ్డాను. "ఫిల్టర్ ఎందుకు మార్పియ్యలే?" అని మెకానిక్ అడిగితే నాన్న, "నేనే మర్శిన సేటూ" అన్నాడు. కాగితం సంగతి ఎత్తలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ రాత్రి పుస్తకం తీసి మొదటిసారి పేజీ తిప్పాను.

కొత్త ఫిల్టర్ ధర కొన్ని వందల రూపాయలు.

ఇక్కడ ఇంకో అపోహ గురించి చెప్పాలి. ఫిల్టర్ మురికైతే మైలేజీ పడిపోతుందని, మైలేజీ బాగుంటే ఫిల్టర్ బాగున్నట్టేనని చాలామంది నమ్మకం. పాత కార్బ్యురేటర్ బళ్ళకు అందులో కొంత నిజముంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరిశోధనలో, కంప్యూటర్ అదుపులో ఉండే ఇప్పటి ఇంజిన్లలో మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేగం అందుకోవడమే మందగించింది. గాలి తగ్గితే కంప్యూటర్ ఇంధనాన్నీ తగ్గిస్తుంది మరి. కాబట్టి మైలేజీ చూసి ధైర్యంగా ఉండకండి. మా నాన్న కూడా "మైలేజీ మంచిగనే వస్తుంది గదా" అనే అనుకున్నాడు.

చూసే పద్ధతి చెబుతాను. ఇంజిన్ ఆపి డబ్బా తెరవండి. మొదట శుభ్రమైన వైపు, అంటే ఇంజిన్ వైపు, తెల్లగుడ్డతో తుడవండి. అక్కడ దుమ్ము అంటితే ఇంకేమీ ఆలోచించకుండా మార్చి, అంచు ఎందుకు కూర్చోలేదో చూడండి. తర్వాత ఫిల్టర్‌ను ఎండకు ఎత్తి పట్టుకుని మడతల మధ్య చూడండి. వెలుగు బాగా కనబడితే మళ్ళీ పెట్టేయవచ్చు. మడతలు దుమ్ముతో పూడిపోయినా, నూనె అంటినా, చిరిగినా మార్చాలి. కాగితం ఫిల్టర్‌ను నీళ్ళతో కడగవద్దు. ఎండు దుమ్ము ఉంటే మెల్లగా నేలకు తట్టడం వరకు పరవాలేదు. బైకులున్న తమ్ముళ్ళకు ఒక మాట: కొన్ని బైకుల్లో నూనె పట్టించిన కాగితం ఫిల్టర్ ఉంటుంది, దాన్ని శుభ్రం చేయనే కూడదు, గడువుకు మార్చడమే.

ఊళ్ళ నుంచి వచ్చిన మనకు ఇది కొత్తేమీ కాదు. పాత ట్రాక్టర్లకు గాలి వడకట్టే నూనెగిన్నె ఉంటుంది. దుక్కుల రోజుల్లో డ్రైవర్లు దాన్ని మాటిమాటికీ విప్పి, అడుగున బురద పేరితే నూనె మారుస్తారు. కిలోమీటర్లు ఎవరూ అడగరు.

నీళ్ళ సంగతి మాత్రం వేరు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాంనగర్ లాంటి కాలనీలు మునిగాయి. అలా నీళ్ళలో నిలిచిన బండిని ఆత్రపడి స్టార్ట్ చేయకూడదు. తడిసిన ఫిల్టర్ గుండా నీళ్ళు సిలిండర్‌లోకి పోతే, నీరు గాలిలాగా నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ఫిల్టర్ డబ్బా తెరిపించి చూడాలి. తడిసిన కాగితం నిన్ననే వేసినదైనా మార్చాల్సిందే.

నాన్న ఆ కారే నడుపుతున్నాడు. డాష్‌బోర్డులో ఇప్పుడు కొత్త కాగితం ఉంది. "తారు రోడ్డు – పదివేలకోసారి తీసి చూడాలి, 40 వేలకు మార్చాలి. మట్టి పని – రెండు వేలకోసారి చూడాలి, పూడితే అప్పుడే మార్చాలి" అని రాశాను. దాని కింద ఫిల్టర్ మార్చినప్పుడల్లా మీటరు అంకె వేయడం నాన్న పని. రెండుసార్లు వేశాడు. మొదటి ఫిల్టర్ క్వారీ కిరాయిల్లో 9 వేలకే పోయింది. రెండోది హైవే మీద 36 వేలు వచ్చింది. దాన్ని తీసే ముందు నాకు ఫోన్ చేశాడు. ఎండకు ఎత్తి చూసి ఏం కనబడుతోందో చెప్పమన్నాను.