శుక్ర శబ్దార్థ వివేచన : పురుష జననాంగ శారీర దృష్టి

ఆయుర్వేద సంహితలను తెలుగులో వ్యాఖ్యానించేవారికి తరచు చిక్కు తెచ్చే పదాలలో 'శుక్రం' ఒకటి. అమరసింహుడు మనుష్యవర్గంలో శుక్రానికి తేజస్సు, రేతస్సు, బీజం, వీర్యం, ఇంద్రియం అనే పదాలను పర్యాయాలుగా కూర్చాడు. వ్యుత్పత్తిని బట్టి చూస్తే ఇవి ఒక్క అర్థం కలవి కావు. 'శుచ్' ధాతువు నుండి పుట్టిన శుక్ర శబ్దం తెలుపును, ప్రకాశాన్ని తెలుపుతుంది. రేతస్సులో ప్రవాహం, బీజంలో సంతానకారణత్వం, వీర్యంలో శక్తి ప్రధానం. ద్రవ్యగుణ ప్రకరణాలలో 'వీర్యం' ఔషధశక్తి అనే అర్థంలోనే నేటికీ వాడుకలో ఉంది. ఇన్ని అర్థాలు గల శబ్దాన్ని నేటి పాఠ్యపుస్తకాలలోని 'శుక్రకణం'తో సమానం చేయడం ఎంతవరకు యుక్తమో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఆధునిక శారీరం

వృషణాలు రెండు. ఉదర కుహరానికి వెలుపల ముష్కగోణిలో ఉండడం వలన వీటి ఉష్ణోగ్రత దేహోష్ణత కంటె 2, 3 డిగ్రీలు తక్కువగా ఉంటుంది. శుక్రకణోత్పత్తికి ఈ చల్లదనం అవసరం. వృషణంలోని సన్నని మెలికల నాళికలలో, సెర్టోలి కణాల పోషణతో శుక్రకణాలు రూపొందుతాయి. ఇందుకు సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఆ నాళికల నడుమ ఉన్న లేడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ అనే హార్మోనును స్రవిస్తాయి. అది ఏ నాళం ద్వారానూ పోక నేరుగా రక్తంలో కలసి దేహమంతటా పనిచేస్తుంది. ఈ రెండు కార్యాలనూ పీయూష గ్రంథి స్రావాలు నియంత్రిస్తాయి.

శుక్రకణాలు వృషణాన్ని అంటి ఉండే ఎపిడిడిమిస్‌లో పరిపక్వమై, శుక్రవాహిక ద్వారా మూత్రాశయం వెనుకకు చేరుతాయి. అక్కడ శుక్రాశయపు నాళం శుక్రవాహికతో కలుస్తుంది. అలా ఏర్పడిన నాళం పౌరుష గ్రంథిని చొచ్చుకొని మూత్రమార్గంలో తెరుచుకొంటుంది. స్ఖలిత ద్రవంలో అధికభాగం శుక్రాశయాల నుండి, తరువాతి భాగం పౌరుష గ్రంథి నుండి వస్తుంది. వృషణాల నుండి వచ్చేది నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే. కనుక కణం, ద్రవం, హార్మోను అనే మూడు వేర్వేరు వస్తువులున్నవని తేలుతున్నది.

సంహితల దృష్టి

చరకుడు విమానస్థానంలో శుక్రవహ స్రోతస్సులకు వృషణాలను, శేఫాన్ని మూలాలుగా చెప్పాడు. సుశ్రుతుడు శారీరస్థానంలో ఈ స్రోతస్సులు రెండని, వాటికి స్తనాలు, వృషణాలు మూలాలని చెప్పాడు. ధమనులను వివరించేటప్పుడు శుక్రం పుట్టడానికి రెండు, వెలువడడానికి రెండు అని విభజించాడు. ఉత్పత్తి, విసర్జనం భిన్నకార్యాలన్న గ్రహింపు ఇందులో స్పష్టం. శుక్రం బస్తిద్వారానికి దిగువ రెండంగుళాల దూరాన, కుడిప్రక్కన మూత్రమార్గంలో ప్రవేశిస్తుందనీ ఆయన చెప్పాడు. బస్తికి దిగువ అన్నది నేటి శారీరంతో పొసగుతున్నది. కుడిప్రక్కన మాత్రమే అన్నది పొసగదు. నాళం ఇరుప్రక్కలా ఉన్నది.

అశ్మరీ చికిత్సలో శస్త్రం తగలకుండా కాపాడవలసిన ఎనిమిదింటిలో శుక్రవహాన్ని, ముష్కస్రోతస్సును సుశ్రుతుడు వేరుగా లెక్కించాడు. మొదటిది తెగితే మరణం లేక క్లైబ్యం, రెండవది తెగితే ధ్వజభంగం అని ఫలితాలనూ వేరుపరచాడు. ఇది శస్త్రవైద్యుని అనుభవదృష్టి.

దీనికి భిన్నంగా, చెరకులో రసం వలె, పెరుగులో నేయి వలె, నువ్వులలో నూనె వలె శుక్రం దేహమంతటా వ్యాపించి ఉంటుందని చరకుడు చెప్పాడు. సుశ్రుతుడు ఏడవ కళ అయిన శుక్రధరను సర్వశరీరవ్యాపినిగా వర్ణించాడు. ఆహారరసం నెల రోజులకు శుక్రమవుతుందన్నాడు. ఇక్కడ ప్రస్తావితమైనది సప్తధాతువులలో చివరిది. ఇది కణమూ కాదు, స్ఖలిత ద్రవమూ కాదు. కనుక నెల రోజుల లెక్కను రెండున్నర నెలల లెక్కతో పోల్చి ఒకదానిని తప్పు పట్టడం అసంగతం.

సమన్వయంలో జాగ్రత్త

సర్వదేహవ్యాప్తి వర్ణనను చూచి ప్రాచీనులు టెస్టోస్టిరాన్‌ను ఎరుగుదురని కొందరు వాదిస్తారు. ఇది సాహసం. శుక్రకణాలను లీవెన్‌హుక్ 1677లో సూక్ష్మదర్శినితో చూచాడు. లేడిగ్ తన పేరిట నిలిచిన కణాలను 1850లో వర్ణించాడు. టెస్టోస్టిరాన్‌ను వేరుచేసింది 1935లో. సంహితాకారులు స్వరభేదం, శ్మశ్రువులు, బలం, సంతానశక్తి మొదలైన పురుషలక్షణాలను చూచి వాటికి ఏకకారణాన్ని ఊహించారు. ఆ పరిశీలన గౌరవార్హం. దానిని నేటి పదార్థంతో అభిన్నమనడం గ్రంథానికి న్యాయం చేయదు.

ఈ అర్థసంకరం గ్రంథశాలకు పరిమితం కాదు. వాసెక్టమీలో శుక్రవాహికలను మాత్రమే ఖండిస్తారు. ద్రవంలో కణాలు క్రమంగా లేకుండా పోతాయి. ద్రవపరిమాణం దాదాపు యథాతథంగా ఉంటుంది. హార్మోను రక్తంలో కలుస్తూనే ఉంటుంది. అయినా 'వీర్యం' పోతే పుంస్త్వం పోతుందన్న భయం జనంలో ఉంది. ఆపరేషన్‌కు వెనుకాడడానికి కారణాలు అనేకం. ఒకే పదం ద్రవాన్నీ శక్తినీ చెప్పడం ఈ భయానికి ఊతమిస్తున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వివాహిత స్త్రీలలో ట్యూబెక్టమీ 37.9 శాతం కాగా, భర్తల వాసెక్టమీపై ఆధారపడినవారు 0.3 శాతం మాత్రమే. స్వప్నస్ఖలనం వలన ధాతుక్షయం కలిగిందని కుమిలే యువకుల బాధకూ ఈ పదసంకరం తోడవుతున్నది. నిజానికి వృషణాలలో ప్రతిదినం కోట్ల కొలది కణాలు పుడుతూనే ఉంటాయి.

కాబట్టి ధాతుపరమైన సందర్భంలో 'శుక్రధాతువు' అని మూలపదాన్ని నిలపడం, స్ఖలితానికి 'శుక్రద్రవం' అనడం, కణానికి 'శుక్రకణం' అనడం, హార్మోనును దాని పేరుతోనే వ్యవహరించడం మేలు. 'వీర్యం' ద్రవ్యగుణ పరిభాషకే పరిమితమైతే సందిగ్ధత చాలవరకు తొలగుతుంది. పాఠం చెప్పేటప్పుడు ఏ స్థానంలో, ఏ ప్రకరణంలో ఈ శబ్దం వచ్చిందో ముందుగా విద్యార్థికి చూపితే అర్థనిర్ణయం సుకరమవుతుంది. ఈ విభజనను విజ్ఞులు పరిశీలింతురు గాక.