రోస్టర్ కొనేముందు తరుగు లెక్క

ప్రశ్న: మాది విశాఖపట్నం. అరకు కాఫీ గింజలు తెచ్చి, ఇంట్లోనే వేయించి అమ్మాలని ఉంది. ఐదు కిలోల రోస్టర్ కొనమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. కిలో యంత్రం చాలు. పెద్దది కొంటే దాన్ని నింపడానికే వేయిస్తారు, అమ్ముడుపోని పొడి వాసన పోగొట్టుకుని మీ దగ్గరే మిగులుతుంది.

అందరూ దెబ్బతినేది తరుగు దగ్గర. పచ్చి గింజ వేగితే, వేపును బట్టి, కిలోకు సుమారు 150 నుంచి 200 గ్రాములు పోతాయి. ధర కట్టేది చేతికొచ్చిన బరువు మీద. అందులో గ్యాసు, ప్యాకెట్, మాడిపోయిన వాయి, రుచి చూడమని ఊరికే ఇచ్చిన పొట్లాలు కూడా కలపాలి. చుట్టాలకిచ్చేవీ ఖర్చే!

పచ్చి గింజలో తేమ 10–12 శాతం ఉండాలి. మీ ఊరి ఉక్కలో వట్టి గోనెసంచిలో ఉంచితే తేమ పట్టి పాడవుతుంది. లోపల గాలి చొరని సంచి వేయండి. సుమారు 200 డిగ్రీల దగ్గర గింజ చిటపటమంటుంది. ఆ తర్వాత ఎన్ని సెకన్లు ఉంచారో ప్రతి వాయికీ రాసుకోండి. వేగిన గింజ కొన్నాళ్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి వాల్వ్ ఉన్న ప్యాకెట్లే వాడాలి.

మన ఇళ్లలో చికోరీ డికాక్షన్‌కు అలవాటుపడ్డ నాలుకలే ఎక్కువ. లేత వేపు ఒక్కటే పెట్టుకుంటే బేరాలు కష్టం. ఫిల్టర్‌కు సరిపడే మధ్యస్థ వేపూ ఉంచండి.

‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరేచోటి గింజ కలిపి ఆ పేరు వేయకండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మవద్దు.