రామన్, రాఘవ్: ఒక పేరు, ఇద్దరు మనుషులు

సీరియల్ కిల్లర్ సినిమా అనగానే మనకి ఒక ఫార్ములా గుర్తొస్తుంది. వరసగా హత్యలు, చేసేదెవడో తెలీదు, నిద్రాహారాలు మానేసి వెతికే పోలీసు, చివరి అరగంటలో ముసుగు తీయడం. 2019లో వచ్చిన 'రాక్షసుడు' ఈ దారిలోనే వెళ్లి మనల్ని బాగానే భయపెట్టింది. అనురాగ్ కశ్యప్ 2016లో తీసిన హిందీ సినిమా 'రామన్ రాఘవ్ 2.0' మాత్రం ఆ ముసుగుని మొదట్లోనే తీసి అవతల పారేస్తుంది. మరి ఇంక కథలో ఏం మిగిలింది? ఈసారి మన పాఠం అదే. (చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, ముగింపు చెప్పేస్తున్నా.)

ముందు పేరు సంగతి. అసలు రామన్ రాఘవ్ 1960లలో బొంబాయిలో ఫుట్‌పాత్‌ల మీద, గుడిసెల్లో నిద్రపోయే పేదవాళ్లని కొట్టి చంపిన మనిషి. 1968లో దొరికాడు. ఉరిశిక్ష పడింది, కానీ నయంకాని మానసిక జబ్బు ఉందని 1987లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 1995లో చనిపోయాడు. ఇతని మీద శ్రీరామ్ రాఘవన్ (అవును, 'అంధాధున్' ఆయనే) ముందే ఒక చిన్న సినిమా తీశాడు. కశ్యప్ మాత్రం ఇది అతని కథ కాదని మొదట్లోనే రాసి చూపిస్తాడు. ఆ పేరుని రెండుగా విరిచి, ఒక ముక్క రామన్న అనే హంతకుడికి (నవాజుద్దీన్ సిద్దిఖీ), ఇంకో ముక్క రాఘవన్ అనే ఏసీపీకి (విక్కీ కౌశల్) ఇస్తాడు.

రామన్న తనే వచ్చి హత్యలు ఒప్పుకుంటాడు. పోలీసులు నమ్మరు! అక్కడే "ఎవరు?" అనే ప్రశ్న చచ్చిపోయింది. దాని బదులు స్క్రీన్‌ప్లే ఇంకో ప్రశ్న మొదలుపెడుతుంది: ఇతను ఈ పోలీసు వెంటే ఎందుకు పడుతున్నాడు?

సినిమాలో బెస్ట్ భాగం తోబుట్టువు ఇంటికి వెళ్లే అధ్యాయం. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చిన అన్న. కోడికూర వండమంటాడు. మాటలన్నీ మామూలు ఇంటి మాటలే, మన ఇళ్లల్లో చుట్టాలొస్తే మాట్లాడుకునేవే. కానీ తలుపు తీసినప్పటినుంచీ ఆవిడ ముఖంలో (అమృతా సుభాష్) రక్తం లేదు. అసలు హింసని కెమెరా పెద్దగా చూపించదు. ఏం జరగబోతోందో మనకి తెలుసు, ఆవిడకీ తెలుసు, కూర ఉడకడానికి పట్టే టైమే సస్పెన్స్. ట్విస్ట్ లేకుండా భయం పుట్టించడం ఎలాగో నేర్చుకోవాలంటే ఈ ఒక్క భాగం చాలు.

రాఘవన్ సంగతి వేరు. డ్రగ్స్‌కి బానిస, తనూ హత్య చేశాడు, కానీ ఒంటి మీద అధికారం ఉంది కాబట్టి ఎవరూ అడగరు. మా క్లబ్బులో ఈ సినిమా వేసినప్పుడు అతను నల్ల కళ్లద్దాలతో కనిపించగానే ఈలలు పడ్డాయి. సిమ్మీని హీనంగా మాట్లాడే సీన్లో వెనక వరసలో ఒకళ్లిద్దరు నవ్వారు కూడా. మా బ్యాచ్ అమ్మాయి ఒకరు లేచి వెళ్లిపోయారు. తర్వాత గంటసేపు గొడవ: తప్పు సినిమాదా, నవ్వినవాళ్లదా? నా ఉద్దేశంలో దర్శకుడు వేసిన ఉచ్చే అది. రామన్నని చూసి ఒళ్లు జలదరించినవాళ్లే, అదే పని స్టైల్‌గా చేసేవాడికి చప్పట్లు కొట్టారు. రామన్న మతాన్నో, యూనిఫామ్‌నో అడ్డం పెట్టుకోకుండా చంపుతానని గర్వపడతాడు. అది పిచ్చివాడి లాజిక్కే, కానీ దానికి జవాబు చెప్పే అర్హత రాఘవన్‌కి లేదు.

చివర్లో రాఘవన్ చేతిలోనే సిమ్మీ చనిపోతుంది. ఆ నేరం తన మీద వేసుకుంటానని రామన్న ముందుకొస్తాడు, మనిద్దరం ఒకటే అంటాడు. ఈ మాట అంత విడమర్చి చెప్పక్కర్లేదు. పేర్లు చూసినప్పుడే మనకి అర్థమైపోయింది కదా!

ఇంకో లోటు సిమ్మీ పాత్రే. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళకి ఇదే మొదటి సినిమా, 'గూఢచారి' కంటే రెండేళ్లు ముందు. ఆమె చూపులోనే విసుగు, భయం, మొండితనం పలికించింది. కానీ ఆమె ఎవరు, ఈ మనిషిని వదిలి ఎందుకు వెళ్లట్లేదు అన్నది స్క్రిప్ట్ పెద్దగా పట్టించుకోలేదు. ఇద్దరు మగవాళ్ల లోపలి చీకటిని అంత ఓపిగ్గా తవ్విన సినిమా, ఆ మూడో మనిషికి ఒక్క అధ్యాయం ఇచ్చి ఉండాల్సింది.