గోధుమ పడని పేగు - కాలేయానికి ముప్పు

"కామెర్లు రాకపోయినా కాలేయం చెడుతుందా అన్నా?" అని జీవశాస్త్రం చదువుతుండగా ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు. జవాబు వెతుకుతూ పోతే సీలియాక్ వ్యాధి గురించి తెలిసింది. మేము నేర్చుకున్న నాలుగు మాటలు మీ ముందు ఉంచుతున్నాము.

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. జన్యుపరంగా అవకాశమున్న కొందరిలో, గ్లూటెన్ తిన్నప్పుడు శరీర రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగుపైనే దాడి చేస్తుంది. ఆంత్ర చూషకాలు అరిగిపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, రక్తహీనత, ఎదుగుదల లోపం కనిపిస్తాయి.

మరి కాలేయానికి ఏమి సంబంధం? పేగుల నుండి రక్తం కాలేయ నిర్వాహక సిర ద్వారా నేరుగా కాలేయానికే వెళుతుంది. పేగు గోడ దెబ్బతింటే, అది ఆపవలసిన హానికర పదార్థాలు కూడా లోపలికి జారి కాలేయానికి వాపు తెస్తాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. చికిత్స పొందని పెద్దవారిలో 100కి సుమారు 40 మంది వరకు ఏ.ఎల్.టి., ఏ.ఎస్.టి. ఎంజైములు పెరిగి ఉండవచ్చు. పైకి ఏమీ తెలియదు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. గ్లూటెన్ పూర్తిగా మానితే చాలామందికి 6 నుండి 12 నెలల్లో నయమవుతుంది. కొందరికి ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కూడా తోడవుతుంది. అప్పుడు పథ్యం ఒక్కటే చాలదు, మందులు వాడాలి.

2002లో ఫిన్లాండ్ వైద్యులు తీవ్రమైన కాలేయ వ్యాధి గల నలుగురు సీలియాక్ రోగుల గురించి రాశారు. వారిలో ముగ్గురిని కాలేయ మార్పిడి అవసరమేమో చూడమని పంపారు. గ్లూటెన్ మానాక నలుగురి కాలేయమూ కోలుకుంది!

మన దేశంలో 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిన 1000 మందిలో సుమారు 12 మందికి, దక్షిణాదిన ఒకరికి ఉన్నాయి. అరుదు కనుకనే మన దగ్గర గుర్తించడం ఆలస్యం కావచ్చు.

మిత్రులారా! ఎవరైనా ఎంత తిన్నా చిక్కిపోతుంటే "తిండిపోతు" అని నవ్వకండి, వార్డెన్ గారికి చెప్పండి. పసరు మందులకు పోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పరీక్షకు ముందే చపాతీ, ఉప్మా మానేయకండి. మానేస్తే రోగం ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు. వ్యాధి తేలితే దిగులు వద్దు. మన వరి, జొన్న, రాగి, సజ్జలలో గ్లూటెన్ లేదు.

ఆరోగ్యమే మహాభాగ్యం!